బోసి నుదుటికి దొరికిన చోటు

బెజవాడలో ఒక్క రాత్రి ఎక్కడ పడుకోవాలన్నది మా ఇంట్లో వారం రోజులు నడిచిన తగువు. నాకు నర్సు ట్రైనింగుకి ఇంటర్వ్యూ కార్డు వచ్చింది. పొద్దున్న ఎనిమిదింటికల్లా ఆసుపత్రి గేటు దగ్గర ఉండాలి. దివిసీమలో మా ఊరి నుంచి మొదటి బస్సు బెజవాడ చేరేసరికి పది దాటుతుంది. అంతకు ముందు ఏడాది మా పేట పిల్ల ఒకతె తెల్లారే వెళ్ళొచ్చులే అని బయల్దేరి, గేటు మూశాక చేరింది. ఇప్పుడది మా అమ్మ పక్కన వంగి నాట్లు వేస్తోంది. ఆ వరసలో నేనూ వంగి ఉన్నట్టు తలుచుకుంటేనే నాకు ఒళ్ళు మండేది. ఉప్పెనకి ముందు మాట ఇది. మా పేటలో ఆడపిల్ల చదివితే టీచరు, కాకపోతే నర్సు, రెండూ కాకపోతే నాట్లే.

లాడ్జి అంటే నాన్నకి ఖరీదు ఒక భయం, స్టేషను దగ్గర లాడ్జిల గురించి విన్న కబుర్లు ఇంకో భయం. సత్రాల్లో మనలాంటి వాళ్ళకి చోటివ్వరని ఆయనే అన్నాడు. భవానీపురంలో నాన్నకి తెలిసినాయన ఉండేవాడు గానీ, "ఆ ఒంటిగదిలో వాళ్ళకే కాళ్ళు చాపుకునే చోటు లేదు" అని అమ్మ కొట్టిపారేసింది. చివరికి పాస్టరుగారు తీర్పు చెప్పారు. మిషన్ కాంపౌండులో ఆడపిల్లల హాస్టలుంది, మన పిల్లలకి కాదనరు, అక్కడ పడుకోండి అన్నారు. నాన్నకి పని వదిలి రావడం కుదరలేదు, అమ్మే నాకు తోడు బయల్దేరింది. మా సంచీ మూతి తాడుతో కడుతూ ఒకటికి పదిసార్లు చెప్పాడు.

"రిక్షా ఎక్కొద్దు. తెలీని ఊళ్ళో రిక్షావాడు ఎటు తిప్పితే అటే. సిటీ బస్సెక్కండి, పదిమంది ఉంటారు. కండక్టరు పక్కనే కూర్చోండి."

మేం బెజవాడలో దిగేసరికి ఎండ వాలిపోయింది. అమ్మకి చదువు రాదు. వచ్చిన ప్రతి సిటీ బస్సు నెత్తి మీద బోర్డూ నేను చదవడం, ఈలోగా అది కదిలిపోవడం, అమ్మ "చదివింది చాల్లే, అడుగు" అని కసరడం. అడిగి అడిగి మిషన్ కాంపౌండు చేరాం. హాస్టలు గేటుకి నా పిడికిలంత తాళం ఉంది. వేసవి సెలవులన్న సంగతి పాస్టరుగారికీ తట్టలేదు, మాకూ తట్టలేదు.

"వార్డెనమ్మగారు సొంతూరు వెళ్ళారమ్మా. ఆవిడ చెప్పకుండా గేటు తీస్తే నా ఉద్యోగం పోద్ది" అన్నాడు వాచ్‌మన్ లోపలి నుంచి.

"ఆ వరండాలో పడుకుంటాంలే బాబూ. తెల్లారే వెళ్ళిపోతాం."

"లోపల ఉండేది నేనొక్కణ్ణే, మగాణ్ణి. మీకూ బాగోదు, నాకూ బాగోదు."

అతను చెప్పింది నిజమే. నిజమైనందుకే నాకు మరీ కోపం వచ్చింది.

స్టేషను వైపు పోయే బస్సెక్కాం. మొదటి లాడ్జిలో బల్ల వెనకాయన మా భుజాల మీదుగా వీధిలోకి చూశాడు. "మగాళ్ళెవరూ రాలేదా? ఒంటరి ఆడాళ్ళకి రూము ఇవ్వం" అన్నాడు. రెండో లాడ్జిలో బల్ల దగ్గరున్నతను మగాళ్ళ సంగతి అడగలేదు. గది ఉంది అన్నాడు. అంటూ నన్ను పైనుంచి కిందకి చూశాడు. అమ్మ నా మణికట్టు పట్టుకుని మెట్లు దింపేసింది. కిందకి వచ్చాక కూడా పట్టు వదల్లేదు. అప్పటిదాకా నాకు ఇంటర్వ్యూ భయమే ఉంది. ఆ పట్టులో నాకు అసలు భయం తెలిసింది. దీపాలు వెలిగించేశారు. అంత ఊళ్ళో మాకు జానెడు చోటు లేదు.

మళ్ళీ సిటీ బస్సే ఎక్కాం, ఎటు పోవాలో తెలీకుండానే. కండక్టరుకి మా మొహాలు చూసి జాలేసినట్టుంది. "వన్ టౌన్‌లో దిగండమ్మా. కొండ కింద సత్రాలున్నాయి. అమ్మవారి దర్శనానికొచ్చాం అంటే చాపిచ్చి చోటిస్తారు" అన్నాడు. అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆదివారం ఆదివారం పిల్లల్ని కూర్చోబెట్టి, అబద్ధ సాక్ష్యం పలకొద్దన్నదానితో సహా పది ఆజ్ఞలూ వల్లె వేయించే మనిషి మా అమ్మ.

వన్ టౌన్‌లో దిగితే మిరపకాయల ఘాటు, గోతాల బళ్ళు, తోపులాట. ఒక కొట్టు ముందు పళ్ళేల్లో కుంకుమ రాశులు పోసి ఉన్నాయి. నేను ఆగాను. వేలు అద్ది నుదుటి మీద పెట్టుకున్నాను. అమ్మ చూసింది. తిడుతుందనుకుంటే తిట్టలేదు.

"నువ్వూ పెట్టుకో" అన్నాను.

"నాకొద్దు" అంది అంతే.

సత్రం చూసుకునేది ఒక పెద్దావిడ. తెల్ల చీర, బోసి నుదురు, చేతులకి ఏమీ లేవు. గుమ్మంలోనే మమ్మల్ని ఆపింది. "దర్శనానికా?" అని అడిగింది. నేను తలూపాను. "మీరు ఏవిట్లు..." అని కులం అడగబోతూ అమ్మ మొహం చూసి ఆగిపోయింది. బొట్టు లేని అమ్మ నుదురునీ, బొట్టున్న నా నుదురునీ మార్చి మార్చి చూసింది. ఆవిడ గొంతు మారిపోయింది.

"అయ్యో తల్లీ. ఆయన పోయి ఎన్నాళ్ళయింది?"

అమ్మ కొయ్యబారిపోయింది. మాలో పెళ్ళయినా బొట్టు పెట్టుకోరు. మా పేటలో అందరి నుదుళ్ళూ ఒకటే గనక, బొట్టు లేకపోతే బయటివాళ్ళకి ఏమని తోస్తుందో మాకెప్పుడూ తట్టలేదు. అమ్మ నోరు తెరిస్తే మేం వీధిలో ఉంటాం. తెరవకపోతే, పొద్దున్న సంచీకి తాడు కట్టిన నాన్న పోయినట్టు. అమ్మ పైట లాగి గాజుల చేతుల మీదుగా కప్పుకుంది. ఆ నిశ్శబ్దాన్ని ఆవిడ దుఃఖమనుకుంది.

"చెప్పకులే. నాకు తెలీందా. లోపలికి రండి."

గోడ పక్కన చాప పరిచి ఇచ్చింది. చెంబుతో మంచినీళ్ళు తెచ్చి పెట్టింది. తనకీ చిన్నప్పుడే మొగుడు పోయాడని, ఏ పెళ్ళికీ ఏ పేరంటానికీ పోయి ఎరగనని, ఈ సత్రమే తన లోకమని చెప్పుకుంటూ కూర్చుంది. ఆసుపత్రిలో పనుందని నేనంటే, పొద్దున్నే అటు పోయే బస్సు వీధి చివర ఆగుతుందని, అది తప్పితే ఎనిమిదింటికి చేరలేవని కూడా ఆవిడే చెప్పింది. అమ్మ తలొంచుకుని వింది. గాజులు చప్పుడు కాకుండా చేతులు రెండూ ఒళ్ళో బిగించి పట్టుకుంది. ఆవిడ లేచి వెళ్ళాక నేను అన్నం మూట విప్పాను. అమ్మ ముట్టుకోలేదు.

"తినవే అమ్మా."

"ప్రార్థన చెయ్యకుండా ఎట్టా తినేది? మీ నాన్నని చంపుకుని కూర్చున్న చోట ఏమని ప్రార్థన చేసేది?"

"నువ్వు చంపలేదు. ఆవిడ చంపింది. నోరు మూసుకుని తిను" అన్నాను గుసగుసగా. అమ్మ తినలేదు. నాకు ఆకలి మండిపోతోంది, తిన్నాను.

పొద్దున్నే కొళాయి దగ్గర మొహాలు కడుక్కున్నాం. కుంకుమ పోకుండా నేను జాగ్రత్తగా కడుక్కున్నాను. సంచీ చంకన పెట్టుకుని గుమ్మం దాటాం. పెద్దావిడ వాకిలి ఊడుస్తోంది. ఇంక నాలుగడుగులు వేస్తే వీధి. అమ్మ ఆగిపోయింది.

"అమ్మా, ఇప్పుడొద్దే. నీకు దణ్ణం పెడతాను" అన్నాను. ఆవిడ కేక పెట్టి నలుగుర్ని పోగేసిందంటే నా బస్సు పోయినట్టే, నేనూ నాట్లలో వంగినట్టే. అమ్మ వినలేదు. పైట తీసి గాజుల చేతులు ముందుకు చాపింది.

"నా మొగుడు బతికే ఉన్నాడమ్మా. మేం దేవుడోళ్ళం. మాలో బొట్టు పెట్టుకోరు. మీరు పొరబడితే నేను నోరు తెరవలేదు. పిల్ల ఇంటర్వ్యూకి వచ్చాం."

ఆవిడ చీపురు కింద పడేసింది. "కిరస్తానీవాళ్ళా?" అంది. తర్వాత గొంతు పెంచింది. "బతికున్న మొగుణ్ణి చంపుకుని చోటు సంపాదించావా? నీకు నోరెట్టా ఊరుకుందే? ఆ మాట ఎంత మాటో నీకేం తెలుసు?"

అమ్మ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. "తెలియబట్టేనమ్మా, అన్నం ముట్టలేదు" అంది.

ఆవిడ ఇంకేదో అనబోయి ఆగింది. అమ్మ చేతిలో అలాగే మిగిలిన అన్నం మూట వైపు చూసింది. "ఇంక లోపలికి రావద్దు. ఆ అరుగు మీద కూర్చుని తిని పో" అంది. అప్పుడే వీధి చివర బస్సు హారన్ వినపడింది. అమ్మ నన్ను వీపు మీద తోసింది. "పోవే. కండక్టరు పక్కన కూర్చో. నేను దారి అడుక్కుంటూ వచ్చేస్తా."

నేను పరుగెత్తాను. మలుపులో వెనక్కి చూస్తే, పెద్దావిడ చీర చెంగు మొహానికి అడ్డం పెట్టుకుని గబగబా తలుపు చాటుకి పోతోంది. మా మొహాలు చూడ్డానికి కూడా అసహ్యం పుట్టిందనుకున్నాను. బస్సులో ఉన్నంతసేపూ ఉడికిపోయాను. ఇంటర్వ్యూలో రక్తం చూస్తే భయమా అని అడిగితే "లేదండీ" అని అరిచినంత పని చేశాను. ఆ కోపమే పనికొచ్చిందేమో. మధ్యాహ్నం పేర్లు చదివినప్పుడు నాది ఉంది. గేటు బయట చెట్టు నీడలో అమ్మ నిలబడి ఉంది. నా మొహమే చెప్పేసింది.

ఊరికి పోయే బస్సులో ఆ పెద్దావిడని నోటికొచ్చినట్టు తిట్టాను. "కుక్కకి వేసినట్టు నిన్ను అరుగు మీద కూర్చుని తినమంది. పైగా మనల్ని చూసి మొహం కప్పుకుంది" అన్నాను.

"మనల్ని చూసి కాదే. నువ్వు మంచి పని మీద పోతున్నావు. మొగుడు పోయినామె ఎదురు రాకూడదంటారు వాళ్ళలో. నీకు ఎదురు పడకూడదని చాటుకి పోయింది. అంత కోపంలోనూ ఆ మాట మర్చిపోలేదు."

"తర్వాతేమైంది?" అన్నాను.

"నువ్వు పోయాక బయటికొచ్చింది. నేను ప్రార్థన చేసుకుని తినేదాకా నిలబడింది. తర్వాత అరుగు చివర కూర్చుని, మీలో చూడగానే తెలీదా, ఎవరికి మొగుడున్నాడో ఎవరికి పోయాడో అని అడిగింది. తెలీదమ్మా, అందుకేగా మీరు పొరబడ్డారు అన్నాను. మరి మొగుడు పోయినామె ఎదురొస్తే పక్కకి తప్పుకోరా అంది. మాలో కూడా మాటలనేవాళ్ళు అంటారమ్మా, తప్పుకోవడమైతే లేదు అని చెప్పా. నేను లేస్తుంటే అంది, పిల్లకి సీటొస్తే చేరేరోజు ఇటు తీసుకురా, నేను ఎదురొస్తాను అని."

చేరేరోజు పెట్టె పట్టుకుని ఆ వీధికే వెళ్ళాం. అప్పుడూ లోపలికి రమ్మనలేదు. ఆ కోపం నాలో ఇప్పటికీ ఉంది. అరుగు మీదే కాసేపు కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, ఆవిడ ముందుగా వీధి చివరికి నడిచి వెళ్ళింది. నేను పెట్టె ఎత్తుకుని బయల్దేరాను. ఆవిడ అటు నుంచి నడుచుకుంటూ వచ్చింది, మొహానికి చెంగు అడ్డం పెట్టుకోకుండా, వీధి మధ్యనే. కొట్లో ఎవరో "అయ్యయ్యో, ఎదురెళ్తోందేంటి" అన్నారు. ఆవిడ అడుగులు తడబడటం నాకు కనపడింది. నేను ఆగలేదు. ఆవిడా పక్కకి తప్పుకోలేదు.