ఇనప్పెట్టెలో సున్నం డబ్బా

ఉద్యోగం ముగియడానికి రెండేళ్ల ముందు, కార్తీక మాసంలో, పంచాయితీ ఎన్నికల పని మీద నన్ను చింతామణి వైపు ఒక ఠాణాకు పంపారు. ఠాణా పేరు రాయను. జరిగిన తప్పు నాది, దానిది కాదు. నేను పోలీసు శాఖలో ఆర్మరర్‌ను. ఆయుధాలు విప్పి, తుడిచి, మరమ్మతు చేసి, అవి పనికొస్తాయో రావో రాసిచ్చే ఉద్యోగం. మకాం చిక్కబళ్లాపురం.

ఎన్నికల ప్రకటన వెలువడగానే లైసెన్సు ఉన్న రైతులు తమ తుపాకులను ఠాణాలో అప్పగించాలి. ఓట్ల లెక్కింపు అయ్యాకే తిరిగి తీసుకోవాలి. అప్పగించిన నాటి స్థితిని రిజిస్టరులో రాసి, తుపాకులను ఇనప్పెట్టెలో పైనా కిందా రెండు వరసలుగా నిలబెట్టి, తాళం మీద లక్కముద్ర వేస్తాం. ఎలా తీసుకున్నామో అలాగే తిరిగివ్వాలి. ఆ రాతా, ఆ ముద్రా రెండూ నావే.

ఆ ఏడు తుఫాను పట్టి వారం రోజులు సూర్యుడు కనబడలేదు. తుపాకిని పాడుచేసేది పైన పడే వాన కాదు, వాననైతే తుడిచేయవచ్చు. మూసిన పెట్టెలో నిలిచిపోయిన తేమే దాన్ని తింటుంది. గాలిలో తేమ నూటికి యాభై దగ్గర ఉంటే ఫరవాలేదు. డెబ్భై దాటితే నూనె పూత పలుచబడిన చోటల్లా తుప్పు మొదలవుతుంది. తేమ పీల్చే సిలికా జెల్ కోసం రాసిన ఇండెంటుకు ఇంకా సరుకు రాలేదు.

పెట్టెలో కింది వరసలో ఉన్న జోడు గొట్టాల తుపాకి మా తాతది. బాగేపల్లి దగ్గర మా ఇంటికి ఒకప్పుడు గుర్రాలుండేవి. మా నాయన కాలానికి గుర్రపుశాల గోడలు మిగిలాయి, తర్వాత అవీ లేవు. తుపాకిని కొని తన లైసెన్సులోకి ఎక్కించుకున్నది ఈ ఠాణా కింది ఊళ్లో ఉండే నారాయణప్ప. అతని తండ్రి మా పొలం గుత్తకు చేసిన మనిషి. నారాయణప్ప దాన్ని అప్పగించడానికి వచ్చిన రోజు నేను రిజిస్టరు మీది నుంచి తల ఎత్తలేదు. 'స్థితి: ఉత్తమం' అని రాశాను. మా ఇంట్లో ఉన్నప్పటికంటే బాగా చూసుకున్నాడు. ఆ మాట అతనితో అనలేదు.

ఆ ఠాణాలో హెడ్ కానిస్టేబులు మునివెంకటప్ప. సొంత ఊరు జంగమకోటె, ఇంట్లో పట్టుపురుగులు పెంచుతారు.

"వానాకాలం మా పురుగులింట్లో సున్నం చల్లుతాం సార్. తేమంతా లాగేస్తాది. ఒగ డబ్బా తెచ్చేదా?" అన్నాడు.

పాతకాలపు ఆయుధాగారాల్లో సున్నం పెట్టేవారని నాకు తెలుసు. సరేనన్నాను. మర్నాడు పాలపొడి డబ్బా నిండా తెల్లటి పొడి తెచ్చాడు. నేను దాన్ని పెట్టె అడుగున సర్దుతుంటే, "సార్, ఒగ మాట. దీంట్లో మావోళ్లు..." అని మొదలుపెట్టాడు.

"ముప్పై ఏళ్లుగా ఇనుముతో కాపురం చేస్తున్నాను. నువ్వు పురుగుల సంగతి చూసుకో" అన్నాను.

పక్కన సెంట్రీ నవ్వాడు. మునివెంకటప్ప తల వంచుకుని బయటికి వెళ్లిపోయాడు. నా చేతికంటిన పొడిని గుడ్డతో తుడుచుకుని, అదే గుడ్డలో నా స్క్రూడ్రైవర్లు చుట్టుకుని, ముద్ర వేసి బస్సెక్కాను.

తెల్లవారి చిక్కబళ్లాపురంలో ఆ గుడ్డ విప్పాను. ప్రతి స్క్రూడ్రైవరు మొన మీదా గోరింటాకు రంగు తుప్పు. నూనె పట్టిన ఉక్కుకు ఉత్త తేమతో ఒక్క రాత్రిలో అంత తుప్పు రాదు. గుడ్డ వాసన చూశాను. ఆస్పత్రి నేల కడిగిన వాసన. వెంటనే మునివెంకటప్పకు ఫోన్ చేసి, ఆ సున్నంలో ఏం కలిపారని అడిగాను.

"బ్లీచింగ్ పౌడర్ సార్. పురుగులకు రోగం రాకుండా మా పక్క అందరూ కలుపుతారు. అదే చెప్పేకి వస్తి. మీరు వినకపోతిరి."

బ్లీచింగ్ పౌడర్ నుంచి క్లోరిన్ ఆవిరి లేస్తుంది. మూసిన పెట్టెలో, తేమలో, అది ఉక్కును కొరుకుతుంది. గొట్టం లోపల గుంటలు పడితే తుపాకి పనికిరాదని నేనే రాయాలి. మొదట పోయేది డబ్బా పక్కనే ఉన్న కింది వరస.

లెక్కింపుకు ఇంకా పన్నెండు రోజులున్నాయి. అంతకుముందే ముద్ర విప్పాలంటే ఇద్దరు సాక్షులుండాలి, ఇన్‌స్పెక్టర్ అనుమతి ఉండాలి, కారణం రాతలో ఉండాలి. వానలోనే ఠాణా చేరి కాగితం ముందు కూర్చున్నాను. 'తేమ పరీక్ష కోసం' అని రాయవచ్చు. అలా రాస్తే రేపు చూద్దామంటారు. మా వంశంలో తప్పు మాదేనని కాగితం మీద పెట్టినవాళ్లు లేరు. భూములు పోయిన దస్తావేజుల్లో కూడా దోషం ఇతరులదే. చివరికి రెండు వాక్యాలు రాశాను. పొడి ఏమిటో విచారించకుండా నేనే పెట్టించాను. హెడ్ కానిస్టేబులు చెప్పబోతే నేనే ఆపాను.

ఇన్‌స్పెక్టర్ చదివి, రెండో వాక్యం అవసరమా అని అడిగారు. అవసరమే అన్నాను. ఆయన గొడుగు కూడా తీసుకోకుండా పెట్టె ఉన్న గదికి నడిచారు.

ముద్ర విప్పి పెట్టె తలుపు తీయగానే కళ్లు మండాయి. కింది వరస తుపాకుల మీద పసుపు చల్లినట్టు తుప్పు పొర. తుప్పు మీద నూనె రాస్తే క్లోరిన్ వల్ల లోపల పేరిన ఉప్పు అలాగే ఉండి పని సాగిస్తుంది. ముందు దాన్ని కడిగేయాలి. చెక్క భాగాలు విప్పి, గొట్టాల్లో సలసల కాగే నీళ్లు పోసి, వేడి మీదే ఆరబెట్టి, సన్నటి ఉక్కు పీచును నూనెలో తడిపి రుద్దాలి. నీళ్లు కాచి అందించింది మునివెంకటప్పే.

"పురుగుల సంగతి చూసుకొమ్మంటిరి కదా సార్. ఇదీ ఒగ పురుగే, ఉక్కును తినేది" అన్నాడు.

ఆ మాట అనే హక్కు అతనికుంది.

సాయంత్రానికి అన్నీ తేరుకున్నాయి, ఒక్కటి తప్ప. మా తాత తుపాకి ఎడమ గొట్టం మీద రూపాయి బిళ్లంత మేర నల్లపూత లేచిపోయింది. లోపల దెబ్బ తగల్లేదు. రిజిస్టరులో ఉన్నదున్నట్టు చేర్చాను.

లెక్కింపు అయ్యాక నారాయణప్ప వచ్చాడు. సంతకం పెట్టకముందే మచ్చ చూపించి, జరిగింది చెప్పాను. అతను గొట్టాలను వెలుతురుకు ఎత్తి, లోపలికి చూసి దించాడు.

"మీ తాత తుపాకి మీ చేతుల్లోనే తుప్పు పట్టల్లనా అప్పా?"

తప్పు నాదే, పూత మళ్లీ వేయించి ఇస్తానన్నాను.

"వద్దులే అప్పా. ఆ మచ్చ ఉండనీ. మీ ఇంటోళ్లు తప్పు ఒప్పుకున్న గుర్తు మా తావ ఇదొగటే ఉండాది."

సంతకం పెట్టి వెళ్లిపోయాడు. నాకు కోపం వచ్చింది.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఒక పద్ధతి పాటించాను. పెట్టెలో ఏ పొడి పెట్టాలన్నా, ముందు దాన్ని గాజు సీసాలో పోసి, గరుకు కాగితంతో మెరిసేలా రుద్దిన మేకును అందులో వేసి, మూత బిగించి ఒక రోజు ఉంచేవాడిని. మేకు ఎర్రబడితే పొడి బయటికి. ఇంకొకటి, పొడి తెచ్చినవాడు మాట మొదలుపెడితే పూర్తయ్యేదాకా ఆగాలి. మేకుకు ఒక రోజు పడుతుంది. దీనికి ఒక్క నిమిషం చాలు.