అనుభవం లేదని ఫోన్ చేసిన డూలా

డ్రైవింగ్ స్కూల్లో అందరూ ఆమెను బ్రేకమ్మ అనేవారు. పదహారేళ్లు నేర్చుకునేవాళ్ల పక్క సీట్లో కూర్చుని, తన వైపు బ్రేకు మీద కాలు ఉంచి, గొంతు పెంచకుండా కారు నేర్పింది. స్కూలు మూతపడే నాటికి ఆమెకు నలభై ఏడేళ్లు. ఆ ఖాళీ రోజుల్లోనే అక్క కూతురికి నొప్పులొచ్చాయి. తొమ్మిది గంటలు నడుము రుద్దుతూ, ఊపిరి ఎలా తీయాలో చెబుతూ మంచం పక్కనే ఉండిపోయింది. "నువ్వు లేకపోతే బెదిరిపోయేదాన్ని పిన్నీ" అంది ఆ పిల్ల. ఆ మాట పట్టుకుని, కాన్పు వేళ తల్లికి తోడుండే డూలా పనిలో శిక్షణ తీసుకుంది.

శిక్షణ ఒక ఎత్తు, పని దొరకడం ఒక ఎత్తు. మొదటి ఇంటికి కూతురు రంగురంగుల్లో తయారుచేసిన పద్నాలుగు పేజీల ఫైలు పట్టుకెళ్లింది. నేర్చుకున్నదంతా పూసగుచ్చినట్టు అప్పజెప్పింది. ఆ గర్భిణి ఆవలింతలు ఆపుకుంటూ కుర్చీలో అటూ ఇటూ కదులుతూనే ఉంది. నడుం నొప్పా అని అడగాలని కూడా బ్రేకమ్మకు తోచలేదు. వాళ్లు మళ్లీ ఫోన్ చేయలేదు.

రెండో ఇంట్లో ఫైలు తీయలేదు. మాటలు బాగానే సాగుతుండగా, ఎన్ని కాన్పులు చూశారని ఆ ఇంటావిడ అడిగింది. అక్క కూతురిది కాక చూసినవి రెండే, అవీ శిక్షణ ఇచ్చిన గురువుగారి వెనక నిలబడి. అయినా నోరు జారి "ఓ పదిదాకా" అనేసింది. ఆవిడ మొహం విప్పారింది. అక్కడికక్కడే ఒప్పేసుకుంది.

ఇంటికొచ్చాక ముద్ద దిగలేదు. దానికే కొంపలేం మునిగిపోవని భర్త సర్దిచెప్పాడు. మొదటి రోజు తానూ వడ్రంగం అంతా వచ్చినట్టే నటించానన్నాడు.

"నీది చెక్క. తప్పు కోస్తే ఇంకోటి తెచ్చుకుంటావు" అంది బ్రేకమ్మ.

మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసింది. "నిన్న మీకు అబద్ధం చెప్పానమ్మా. నేను చూసినవి మూడే. శిక్షణ అయ్యాక నా అంతట నేను ఒక్కదానికీ వెళ్లలేదు."

నిజం చెప్పడం మంచిదేననీ, కానీ తమకు అనుభవం ఉన్నవాళ్లే కావాలనీ అందావిడ. ఫోన్ పెట్టేశాక బ్రేకమ్మకు ఏడుపొచ్చింది. ఆ పూట మాత్రం కడుపునిండా తింది.

మూడు వారాలకు ఓ కొత్త గొంతు ఫోన్లో పలికింది. స్కూల్లో లెక్కలు చెబుతుందట, ఎనిమిదో నెల. "మా వదిన మీ గురించి చెప్పింది. మీకు అనుభవం లేదట కదా."

"లేదమ్మా."

"లేదని మీరే ఫోన్ చేసి చెప్పారట. ఓసారి ఇంటికి రండి."

మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. సోఫా నిండా దిద్దని పరీక్ష పేపర్లు. భర్త వాటిని ఎత్తి చోటు చేశాడు. టీచరు తల్లి చేతులు కట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది. బ్రేకమ్మ ముందుగా ఆ అమ్మాయి నడుము వెనక దిండు సర్దింది. తర్వాత తన పని నాలుగు ముక్కల్లో చెప్పింది. నొప్పులు మొదలవగానే వస్తుంది, బిడ్డ పుట్టేదాకా కదలదు. పరీక్షలూ మందులూ డాక్టరు పని, వాటి జోలికి పోదు. తనకు తెలియనిది వస్తే గురువుగారిని అడుగుతుంది.

"దేనికి భయంగా ఉందమ్మా?" అని అడిగింది.

టీచరు తల్లి వైపు ఒకసారి చూసి చెప్పింది. "నేను గట్టిగా అరిస్తే అమ్మ హడలిపోతుందేమోనని."

గుమ్మంలో ఉన్న తల్లికి ఆ సంగతి అప్పుడే తెలిసింది. "నేనుండగా పరాయి మనిషెందుకు అనుకున్నాను" అంది మెల్లగా.

"మీ చోటు నాకొద్దమ్మా. మీకు కాళ్లు లాగి కాసేపు కూర్చుంటే, అమ్మాయి చెయ్యి ఖాళీగా ఉండకూడదు. అందుకే నేను."

తల్లి కుర్చీ లాక్కుని దగ్గరికొచ్చింది. తన కాన్పప్పుడు గదిలో ఒక్కదాన్నే వదిలేశారనీ, గోడమీద ఊడిన పెచ్చులు లెక్కపెడుతూ పడుకున్నాననీ చెప్పింది. అంతవరకు కూతురికీ ఆ సంగతి తెలియదు.

ఐదు వారాల తర్వాత ఉదయం ఆరింటికి నొప్పులు మొదలయ్యాయి. మధ్యాహ్నం ఆసుపత్రిలో ఒకసారి బిడ్డ గుండె చప్పుడు మందగించి నర్సులు పరుగున వచ్చారు. "నన్ను చూడమ్మా. వాళ్ల పని వాళ్లు చేస్తున్నారు" అంది బ్రేకమ్మ, గొంతు పెంచకుండా. నర్సులు టీచర్ను పక్కకు తిప్పి పడుకోబెట్టగానే చప్పుడు సర్దుకుంది. టీచరు అరవాల్సినంతా అరిచింది. తల్లి హడలిపోలేదు. రెండో చెయ్యి ఆమే పట్టుకుంది. నాలుగింటికి ఆడపిల్ల పుట్టింది.

బ్రేకమ్మ బస్సెక్కి, తల్లీబిడ్డా క్షేమమని గురువుగారికి మెసేజ్ పెట్టబోయింది. అక్షరాలు మసకబారితే కళ్లు తుడుచుకుని పెట్టింది. కిటికీకి తల ఆనించిందో లేదో నిద్ర ముంచుకొచ్చింది. ఇంటి దగ్గర స్టాపు ఎప్పుడు దాటిందో తెలియదు. ఆఖరి స్టాపులో కండక్టరు తట్టి లేపాడు. దిగి ఒళ్లు విరుచుకుని, తిరుగు బస్సు ఎప్పుడని అడిగింది. అరగంట పడుతుందన్నాడు. పోనీలే అనుకుంటూ బెంచీ మీద కూర్చుంది.