నేను తలబిరుసు అన్న పిల్ల

నన్ను తెలివిగలవాడని ఊరంతా అంటుంటే నేనూ నమ్మినాను. నా మూర్ఖత్వం అక్కడే మొదలైంది. ఇన్నేళ్లుగా మోస్తున్న బరువూ అదే. ఎవరికీ చెప్పలేదు, నీకు చెప్తున్నాను.

ధర్మవరంలో అయివారిగా ఉన్న రోజులు. పాఠం కంటే హాస్యం బాగా చెప్పేవాణ్ణి. తరగతి పగలబడి నవ్వేది. నాగలక్ష్మి ఒక్కతే మెడ వెనక చేయి పెట్టుకుని, పళ్లు బిగించి కూర్చునేది. పట్టుచీరలు నేసే నారాయణప్ప కూతురు. నవ్వినా, దగ్గినా తల వెనక పగిలినట్టు ఉంటుందనేది. నా హాస్యానికి నొప్పా? ఆ మాట నాకు గిట్టలేదు. అందుకే పట్టుబట్టి ఇంకా నవ్వించేవాణ్ణి. ఏం మనిషిని నేను?

ఒకరోజు నారాయణప్ప వచ్చినాడు. పిల్లకు మెదడు అడుగుభాగం మెడలోకి జారిందేమో, మద్రాసుకు తీసుకుపో, పుర్రె వెనక కొంచెం ఎముక తీసి చోటు చేయాల్సి రావచ్చు అన్నాడట డాక్టరు.

"బిడ్డ తలకాయ కోస్తారంట అయివారా. పోదునా, వద్దా? మీరే చెప్పల్ల."

"మెదడు జారేకి అదేమన్నా పంచెనా అప్పా? నీ బిడ్డది రోగం గాదు, తలబిరుసు."

పాపం, ఆయనా నవ్వినాడు. గుండె తేలికై ఇంటికి పోయినాడు.

ఏడాది గడిచింది. పొయ్యి మీది గిన్నె పట్టుకుంటే చేయి కాలింది, పిల్లకు తెలియలేదు. అప్పుడు పరుగెత్తినారు. మద్రాసులో ఆపరేషన్ చేసి ఎముక తీసినారు. మెదడుకు చోటు దొరికింది, తలనొప్పి పోయింది. కుడిచేతి వేళ్లకు మాత్రం స్పర్శ తిరిగి రాలేదు. తెగిన పట్టుపోగు తగిలినా ఆ వేళ్లకు తెలియదు. ఇంక మగ్గం ఆమెది కాదు. ముందే పోయివుంటే వేళ్లు దక్కేవా? దక్కేవేమో అన్నాడు డాక్టరు. ఆ 'ఏమో' కింద ఇన్నేళ్లు తలదాచుకున్నాను.

మొండితనంతో బిడ్డను చెడగొట్టినాడని ఊరు నారాయణప్పను తిట్టింది. ఆయన నా పేరు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. నా పేరంటే నాకు అంత ముద్దు.

రిటైరైననాడు సన్మానం పెట్టినారు. నవ్వడానికే జనం వచ్చినారు. నారాయణప్పా వచ్చి వెనక నిలబడినాడు. నిజం చెప్పే మగతనం నాకు లేదు. కానీ ఆయన ముందర, నాలోని ఆ నవ్వించే మనిషికి ఆ పూట నోరివ్వలేదు. హాజరు వేసే నిబంధనల మీద గంటసేపు మాట్లాడినాను. ముందు వరసలో బడి కమిటీ ప్రెసిడెంటు గురక పెట్టినాడు. ఏ చప్పట్లూ నాకు అంత హాయినివ్వలేదు.