ఒబెడ్ తెప్పించిన స్పీకర్లు

ఒబెడ్ తమ్ముడి పేరు నేను చెప్పను. ఆస్ట్రేలియా ఎడారిలో ఉండే మా ఆదివాసుల్లో పోయినవాళ్ళ పేరు పలకరు, ఫొటో చూడరు, పాటగాడైతే పాట వినరు. ఇక వినొచ్చని ఇంటివాళ్ళు చెప్పేదాకా అంతే. అందుకని ఇక్కడ అతను ఉత్త తమ్ముడే.

ఒబెడ్ జంగరాయి మా ఊరి పాటల గదికి పెద్ద దిక్కు. గదంటే రేకుల షెడ్డు, గోడలకి కోడిగుడ్ల అట్టలు, ఒక కంప్యూటరు. ఏ బ్యాండు వచ్చినా రికార్డు చేసేది అతనే, ఫుట్‌బాల్ పోటీలప్పుడు మైకులు బిగించేదీ అతనే. మహా చాదస్తుడు. గిటారు తీగ వెంట్రుకవాసి తప్పినా పాట మొత్తం మళ్ళీ వాయించమనేవాడు. ఆ చాదస్తం చూసి మేం తెగ నవ్వుకునేవాళ్ళం. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

తమ్ముడికి కిడ్నీలు పాడయ్యాయి. మా ఊరికి దూరంగా టౌన్లో, అంటే ఆలిస్ స్ప్రింగ్స్‌లో డయాలసిస్ మిషను దగ్గరే, ఒక హాస్టల్లో ఉండిపోవాల్సి వచ్చింది. భార్య నంగల మంచంలో ఉన్న తల్లిని వదల్లేక ఊళ్ళోనే ఆగిపోయింది. ఒకసారి ఊరొచ్చినప్పుడు అతను తన కొత్త పాటలన్నీ పాడేశాడు. ఇక గొంతునీ గిటార్లనీ సరిపాళ్ళలో కలపాలి. సరిగ్గా అప్పుడే గదిలోని పాత స్పీకర్లు చిరిగి గరగరమన్నాయి. సర్కారిచ్చే డబ్బు ఒక్క జతకే వస్తుంది. తమ్ముడి కోరిక చాలా చిన్నది. పాటలు పూర్తయ్యాక ఆ గదిలో కూర్చుని, గట్టిగా పెట్టుకుని, ఒక్కసారి వినాలి.

అన్నదమ్ములిద్దరూ టౌన్లో బ్రెట్ అనే తెల్లాయన కొట్టుకి వెళ్ళారు. ఆయన రెండు జతలు చూపించాడు. ఒకటి మైదానంలో జనానికి వినిపించే పెద్ద స్పీకర్లు. సరుకు సిద్ధంగా ఉంది, అప్పుడే బండిలో వేసుకుపోవచ్చు. రెండోది స్టూడియోలో ఎదురుగా పెట్టుకుని వినే చిన్నవి. చూపించడానికి ఒక జతే ఉంది, కావాలంటే అడిలైడ్ నుంచి తెప్పించాలి.

ఏ స్పీకరునైనా ఒబెడ్ ఒకే పాటతో పరీక్షిస్తాడు. తమ్ముడు కుర్రతనంలో పాడిన పాట. ఆ గొంతు తెలిసినట్టు అతనికి ఇంకేదీ తెలియదు. పెద్దవాటిలో పెడితే కొట్టు అద్దాలు అదిరాయి. చిన్నవాటిలో పెడితే తమ్ముడు ఊపిరి పీల్చడం, ఊడిన పన్ను సందులోంచి వచ్చే ఈల కూడా వినిపించాయి.

"పెద్దవే తీసుకో అన్నా. రేపే ఇంటికెళ్ళి విందాం" అన్నాడు తమ్ముడు.

"అవి ఉత్త అబద్ధాలకోర్లురా. దగ్గినా పాటలాగే వినిపిస్తాయి. వాటిని నమ్మి కలిపితే పాట నాశనం."

"అవనీ. నా నెత్తురు మిషన్లో ఉతికించుకుని బతుకుతున్నా. నిజాలు నాకెందుకు?"

"నోర్ముయ్. పాట పదికాలాలు ఉండాలి."

"ఎక్కడుంటుంది? నేను పోతే మూసేస్తారుగా! ఉండగానే వినిపించవయ్యా."

"ఎన్నాళ్ళో పట్టదురా, ఓపిక పట్టు" అని ఒబెడ్ చిన్నవే తెప్పించమని చెప్పేశాడు.

అవి అడిలైడ్ నుంచి టౌన్ దాకా చక్కగానే వచ్చాయి. అక్కడ వాన పట్టుకుంది. మా ఎర్రమట్టి రోడ్డు బురదైపోతే మూసేశారు. పిండిబస్తాల పక్కన స్పీకర్లతో సామాన్ల లారీ టౌన్లోనే నిలిచిపోయింది.

తమ్ముడు హాస్టల్ నుంచి ఫోన్ చేసేవాడు. "వచ్చాయా?"

"రోడ్డు తెరవలేదురా."

"పెద్దవైతే ఈపాటికి చెవులు చిల్లులు పడేవి" అని ఎత్తిపొడిచేవాడు. కొన్నాళ్ళకి ఎత్తిపొడవడం మానేశాడు. అప్పుడు ఒబెడ్‌కి భయం వేసింది.

ఆ చిరిగినవాటితోనే ఎలాగో కలిపి ఫోన్లో పంపవయ్యా అని నేనే చెప్పాను. "వాడికి ఆ చెత్త వినిపించనా?" అని నా మీదకి లేచాడు. రోడ్డు తెరిచేలోపు తమ్ముడు పోయాడు.

పాటలు మూసేశారు. ఆ తర్వాత లారీ వచ్చింది. ఒబెడ్ పెట్టెలు విప్పి, తీగలు తగిలించి, వాటి ముందు కూర్చున్నాడు. వేరే ఎవరి పాటైనా పెట్టి చూడమన్నాను. "వేరేవాళ్ళ గొంతుతో నాకేం తెలుస్తుంది?" అన్నాడు. ఫుట్‌బాల్ పోటీలొచ్చాయి. అవి మైదానానికి పనికిరావు. "ఏం తాతా, అగ్గిపెట్టెలు కొన్నావా?" అని కుర్రాళ్ళు కార్లలో రేడియోలు మోగించుకున్నారు.

చలికాలం వెళ్ళాక ఒబెడ్ నంగల గుడారం దగ్గరికి వెళ్ళాడు. భర్త పోయిన ఆడవాళ్ళు మాలో, పాతతరంవాళ్ళు, చాలాకాలం నోరు విప్పరు. ఏం చెప్పినా చేతులతోనే. అతను మర్యాదకి దూరంగా, పక్కకి తిరిగి కూర్చున్నాడు. ఆమె నిప్పుల్లో కంగారూ తోక తిప్పుతోంది.

"నంగలా, అందరికీ తెరవమనను. తలుపేసుకుని నేనొక్కణ్ణే విని పని పూర్తి చేస్తా. నా చెవులు మందగిస్తున్నాయి. ఇంకా ఆగితే నావల్ల కాదు."

ఆమె చెయ్యి అడ్డంగా ఊపింది. ఇప్పుడు కాదు.

కాసేపటికి మళ్ళీ చెయ్యెత్తింది. చెవి ముట్టుకుంది, టౌను వైపు చూపించింది, అరచెయ్యి తిప్పి అతనివైపే చూసింది. ఆయన విన్నాడా? ఆఖరి రోజుల్లో ఒక్క పాటైనా ఈ అన్న వినిపించే ఉంటాడని పాపం ఇన్నాళ్ళూ అనుకుంటూనే ఉంది.

మాట్లాడకూడదన్న కట్టుబాటు ఒబెడ్‌కి లేదు. అయినా అతనూ చెయ్యెత్తి అడ్డంగా ఊపాడు.