యోహాన్ చేతులు

ఆ రోజు దయాకర్ 'సరే' అని ఒక్క మాట అనేస్తే ఏం పోయేది? నాకిప్పటికీ తెలియదు. దుబాయ్ అల్ ఖూజ్‌లో నేను ఫొటోలకు ఫ్రేములు కట్టే దుకాణం వెనక గదిలో అతను బొమ్మలు వేసేవాడు. జగిత్యాల వైపు మనిషి. బక్కపలచన, చెవి మీద ఎప్పుడూ ఒక సన్నటి కుంచె. ఎవరి బొమ్మయినా ముందు చేతులు వేసి, ముఖం ఆఖరికి ఉంచుకునేవాడు. క్రిస్టీన్ అనే అమెరికన్ ఆవిడ కరోనా కాలంలో ఇంట్లో కూర్చుని తన వంశం వెతుక్కుంటూ, మూడు వందల ఏళ్ల కిందట జర్మనీ నుంచి ఓడెక్కి అమెరికా చేరిన యోహాన్ అనే పూర్వీకుడి దాకా వెళ్లింది. ఫొటోలు లేని కాలం కనుక, తన తమ్ముడి పోలికతో, వెండి గుండీల కోటులో ఆయన్ని వేసిమ్మంది. దయాకర్ కోటూ వేశాడు, గుండీలూ వేశాడు. చేతులు మాత్రం పగుళ్లతో, చితికిన బొటనవేలి గోరుతో వేశాడు. బొమ్మ చూడ్డానికొచ్చిన ఆవిడ మొహం చిట్లించింది.

"ఆ చేతులు కాస్త నున్నగా చెయ్యవయ్యా," అన్నాడు దుకాణం యజమాని ఇలియాస్, నెల్లూరాయన. "మేడమ్ వాళ్ల పెద్దాయన గదా!"

"ఓడ కిరాయి తీరేదాంక ఒకని కింద కూలి జేసిండని ఆమెనే చెప్పింది గద భాయ్. గసుంటోని చేతులు నున్నగ ఎట్లుంటయ్?"

"నీకెందుకయ్యా అదంతా? నీ వీసా నా దగ్గరుంది, మర్చిపోబాక."

"ఆయన బతుకు గూడ గిట్లనే ఒకని దగ్గరుండె. చేతులు మార్చ. ఖలాస్."

కుంచెలు ఒక్కొక్కటే తుడిచి సంచిలో పెట్టుకున్నాడు. సంచి పట్టుకున్న అతని బొటనవేలి గోరు చితికి ఉంది. క్రిస్టీన్ ఆ గోరునీ బొమ్మనీ మార్చి మార్చి చూస్తుండగానే, ఎవరికీ వస్తానని చెప్పకుండా ఎండలోకి వెళ్లిపోయాడు.