కార్మక్ తెల్ల కోటు

మా లీట్రిమ్ జిల్లాలో మనిషి చచ్చాక గానీ మంచివాడు కాడు. రిఫరీకైతే ఆ భాగ్యమూ లేదు.

ఫింటన్ మక్‌గోవర్న్ వయసులో ఉండగా మా ఊరి గేలిక్ ఫుట్‌బాల్ జట్టులో గోల్ ముందు కాపు కాసేవాడు. అతన్ని దాటి బంతి తీసుకెళ్లినవాడు మర్నాడు కుంటుకుంటూ పనికెళ్లేవాడు. మోకాలు పాడయ్యాక ఆట మానాడు గానీ మైదానం మానలేకపోయాడు. విజిల్ పట్టాడు. "నిన్నటిదాకా దొంగ, ఇవాళ పోలీసు" అని ఊరంతా ఏడిపించింది.

రిఫరీ వెంట నలుగురుండాలి. ఒక్కో గోల్ దగ్గర ఇద్దరు, తెల్ల కోట్లు వేసుకుని, బంతి ఎటు పోయిందో చూసి జెండా ఊపడానికి. వాళ్లని రిఫరీయే పిలుచుకోవాలి, పిలవకుండా ఎవరూ రారు. ఫింటన్ మొదట పిలిచింది తన అన్న కార్మక్‌ని, తర్వాత నన్ను. ఆదివారాలు అందరం ఒకే కార్లో వెళ్లి, తిరుగుదారిలో వేయించిన చేపలు తినేవాళ్లం. అమ్మానాన్నలు పోయిన ఆ అన్నదమ్ములకి ఆ కారే పుట్టిల్లు.

ఒక ఫైనల్లో ఆఖరి బంతి గోల్ స్తంభం పక్కనుంచి పైకి పోయింది; స్తంభాల మధ్యనుంచి పోతే పాయింటు, బయటినుంచి పోతే ఏమీ లేదు. కార్మక్ పాయింటని తెల్ల జెండా ఊపాడు. ఫింటన్ పరుగెత్తుకొచ్చి, కాదు, బయటికి పోయిందని చేతులు చాచాడు. పాయింటు ఇచ్చుంటే గెలిచే జట్టు ఓడిపోయింది.

"సొంత అన్నే గుడ్డివాడట!" అని గట్టు మీంచి ఎవడో అరిచాడు. జనం విరగబడి నవ్వారు. కార్మక్ కోటు విప్పకుండానే కారెక్కాడు. ఆ రోజు చేపల కోసం కారు ఆపలేదు.

మరుసటి వారం ఫింటన్ అన్నని పిలవలేదు.

"అడగడానికేం రోగం?" అన్నాను.

"ఏ మొహం పెట్టుకుని అడగను? కోపంలో ఉన్నాడు. చల్లారనీ."

ఆ చల్లారడం ఏళ్లు పట్టింది. అన్న చోటికి ఎవరో ఒకరిని అరువు తెచ్చుకునేవాడు. చర్చిలో ఇద్దరూ చెరో వరస. ఇద్దరినీ పట్టుకుని బుర్రలు ఢీకొట్టిద్దామన్నంత కోపం వచ్చేది నాకు.

మొన్న నవంబరులో కార్మక్ పశువులకి మేత వేస్తూ కూలిపోయాడు. శవాన్ని ముందుగదిలో ఉంచారు. ఊరంతా వరసగా వచ్చి, ఇంటివాళ్లతో చేతులు కలిపి, టీ తాగి వెళ్తోంది. తమ్ముడై ఉండీ ఫింటన్ వరస చివర పరాయివాడిలా నిలబడ్డాడు. అతని వంతు వచ్చేసరికి వదిన నూలా చెయ్యి చాపలేదు. లోపలికెళ్లి తెల్ల కోటు తెచ్చింది. ఇస్త్రీ మడత నలగలేదు.

"శనివారం వస్తే చాలు, ఇది ఇస్త్రీ చేయమని నా ప్రాణం తీసేవాడు. ఆదివారం తలుపు పక్కన తగిలించుకుని, రోడ్డు మీద కారు చప్పుడైతే టీవీ కట్టేసేవాడు."

"నామీద కోపం పోలేదనుకున్నాను వదినా."

"ఏం కోపం, ఫింటన్? బంతి బయటికే పోయిందని ఆ రోజే చెప్పాడు. వెళ్లి మాట్లాడవయ్యా అంటే, పిలవకుండా ఎలా వెళ్లనే అనేవాడు."

మర్నాడు శవపేటిక మోయడానికి ఫింటన్ ఆ కోటు తొడుక్కుని వచ్చాడు. భుజాల దగ్గర వదులుగా వేలాడింది. దారి పొడుగునా ఊరు ఊరంతా నిలబడి చూసింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.