ఆదివారం పొద్దున పెట్టిన ఆట

స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ చదివిన వాళ్ళకు ఉద్యోగాలు బోలెడని మా కాలేజీలో చెప్పారు. లీగ్ జట్ల వెంట తిరగొచ్చు, స్టేడియం బాగోగులు చూడొచ్చు, ఆటగాళ్ళ ఒప్పందాలు చూసిపెట్టొచ్చు, ప్రకటనలు తేవొచ్చు, ఏ బడిలోనో ఆటల విభాగం నడపొచ్చు. చదువు ముగించి బెంగుళూరు నుంచి మా ఊరు బూదికోటకు వచ్చి, ఇదంతా వేళ్ళు మడిచి మరీ మా నాన్నకు చెప్పాను. ఆయన పట్టుపురుగులకు మల్బరీ ఆకు కోస్తూ ఓపిగ్గా విన్నాడు.

"అన్నీ బాగానే ఉండాయి పాపా. ఇంతకీ నీది ఏం పని?" అన్నాడు చివరికి.

ఊళ్ళో ఎవరైనా అడిగితే, ఏదో ఆటల చదువులే అని మాట మార్చేసేవాడు. నాకు ఒళ్ళు మండేది. అది చిన్నచూపు కాదు, చెప్పుకోవడానికి ఆయన దగ్గర మాట లేదు, అంతే. ఈ సంగతి అర్థం కావడానికి నాకు చాలా రోజులు పట్టింది.

అసలు చెప్పుకోవడానికి ఉద్యోగమూ లేదు. పోయిన ఏడాది ఒక ఫుట్‌బాల్ శిక్షణ సంస్థ నాకు ఒక్క అవకాశం ఇచ్చింది. కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో ఎనిమిది జట్లతో పోటీ నడిపించాలి. సరిగ్గా జరిగితే జిల్లాలో వాళ్ళ పోటీల పని మొత్తం నాది. జరగకపోతే, నాన్నకు ఇచ్చిన మాట ప్రకారం బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో చేరాలి. లెక్కలంటే నాకు చిన్నప్పటి నుంచీ గుండె దడ.

శనివారం ఆటలు చక్కగా సాగాయి. ఆదివారం పొద్దున తొమ్మిది నుంచి రెండు సెమీఫైనళ్ళూ పెట్టాను. ఎండ ముదరకముందే అయిపోతాయని నా తెలివి. సంస్థ పెద్దాయన పదింటికి చూడటానికి వస్తానన్నాడు. ఇంట్లో పురుగులు జ్వరానికి కూర్చున్నాయి. పురుగు కదలకుండా ఉండి కుబుసం విడవడాన్ని మా వైపు జ్వరం అంటారు. అప్పుడు అవి తినవు గనుక ఆకు పని లేదు. అందుకే నాన్న నాతో వచ్చాడు.

తొమ్మిదైంది. మైదానంలో సున్నపు గీతలున్నాయి, రిఫరీ ఉన్నాడు, ఎవరిదో మేక ఉంది. ఆటగాళ్ళు లేరు. రోడ్డవతల చర్చిలో పాట మొదలైతే గాని నాకు బుర్ర వెలగలేదు. మిగిలిన నాలుగు జట్లలోనూ ఎక్కువమంది గని కార్మికుల ఇళ్ళ క్రైస్తవులే. ఆదివారం పొద్దున ప్రార్థన వదిలి రారని ఆ ఊళ్ళో పసిపిల్లకైనా తెలుసు. మా ఇంట్లో ఆదివారమని పని ఆగదు, నాకు తట్టనే లేదు. ఆటల వేళల పట్టిక చదివి వినిపించినప్పుడు కెప్టెన్లందరూ తలలూపారు. మేడంకు ఎదురు చెప్పడమెందుకు, ప్రార్థన అయ్యాక వెళ్తే సరిపోతుందిలే అనుకున్నారట.

చర్చిలోకి వెళ్ళి కెప్టెన్లనైనా పిలుచుకొద్దామని లేచాను. నాన్న నా చెయ్యి పట్టుకుని మైదానం మెట్టు మీద కూర్చోబెట్టాడు.

"జ్వరానికి కూర్చున్న పురుగుకి ఆకేస్తామా పాపా? నాలుగు ముందు లేచినా వెయ్యము. అన్నీ లేచేదాకా కాచుకుంటాము. తినేది అవి కదా, మనము కాదు."

కళ్ళు తుడుచుకుని, ఆటలు పదకొండున్నర నుంచని కాగితం రాసి గేటుకు అంటించాను. వెళ్ళి చర్చి బయట నిలబడ్డాను. ప్రార్థన అయ్యాక మొదట బయటికొచ్చింది, మాకు మైదానం ఇప్పించిన ముసలాయన. ఒకప్పుడు గనిలో దిగినవాడు. తప్పు నాదేనని ఆయనకు చెప్పేశాను.

"మేమన్నా చెప్పల్ల కదమ్మా. పద, ఇంగ అందరమూ వస్తాము" అన్నాడు.

నిజంగానే అందరూ వచ్చారు. ఇస్త్రీ చొక్కాలు, పట్టుచీరలు, చంకలో బైబిళ్ళు. శనివారం పట్టుమని ముప్పైమంది చూడని ఆటకు మెట్ల మీద చోటు చాల్లేదు.

సంస్థ పెద్దాయన మాత్రం చెప్పినట్టే పదింటికి వచ్చి, ఖాళీ మైదానం చూశాడట. నాన్న ఆయన్ను నీడలో కూర్చోబెట్టి, ఇంటి నుంచి తెచ్చిన మజ్జిగ ఇచ్చి, మా పాప వేళ తప్పు పెట్టింది, దిద్దడానికే పోయింది అని ఉన్నదున్నట్టు చెప్పాడట. సాయంత్రం ఫైనల్ అయ్యాక ఆయన, నేను చేసిన తప్పు రాసుకున్నానని చెప్పాడు. నిండిన మెట్లు కూడా చూశానని, జిల్లా పని నాకే ఇస్తున్నానని చెప్పాడు.

తిరుగుదారిలో, బూదికోట పాలకేంద్రం దగ్గర తెలిసినవాడొకడు బండి ఆపించి, పాపకు ఏం పని దొరికిందని అడిగాడు. నేను అలవాటు కొద్దీ ముఖం పక్కకు తిప్పుకున్నాను. నాన్న ఈసారి మాట మార్చలేదు.

"అందరూ చేరేదాకా కాచుకునేది, చేరినాక ఆట ఆడించేది. అది మా పాప పని" అన్నాడు. "శానా ఓపిక కావల్ల."

బండి కదిలింది. నాన్న వీపుకు నుదురానించి కూర్చున్నాను. నేను ఏడుస్తున్నానని ఆయనకు తెలుసు. ఇంటిదాకా బండి మెల్లగా నడిపాడు.